అల్లుడు గారి ముప్పై ఒక్క పేజీలు

ఇంటి నుంచి, వంటగది కిటికీ పక్కన
అమ్మాయికి ఏడో నెల మొదటి వారం

అల్లుడు గారికి,

ఇక్కడ అందరం బాగున్నామని ముందు రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇక అసలు సంగతి.

ఫోనులో మాట్లాడదామంటే మీ మాట నా చెవికి చేరేలోపే సగం దారిలో పడిపోతుంది. మీరు గట్టిగా అరిస్తే పక్క గదిలో పడుకున్న అమ్మాయికి మొత్తం వినిపిస్తుంది. కాగితమైతే అరవదు. నాలుగో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

నిన్న మాటల మధ్యలో అమ్మాయి ఒక సంగతి చెప్పింది. "నీకు తెలిసిందంతా రాసి పెట్టు" అని మీ మేనేజరు మీ వెంట పడుతున్నాడట. డాక్యుమెంటు అంటారట దాన్ని. అది విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

రాయకండి బాబూ. ఆ బస్సుల కంపెనీలో ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలో రోజూ సాయంత్రం నాలుగింటికి చెప్పేది మీ ప్రోగ్రాము. ఏడేళ్ళ కిందట దాన్ని తయారు చేసింది మీరు. అది మొరాయిస్తే ఎక్కడ తట్టాలో మీకు తప్ప ఇంకొకరికి తెలియదు. పెళ్ళికి ముందు మీ మామగారు వాకబు చేసి వచ్చి ఈ మాట చెప్పినప్పుడే, ఈ అబ్బాయి ఉద్యోగానికి ఢోకా లేదని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు ఆ కిటుకంతా కాగితం మీద పెడితే ఇక మీతో వాళ్ళకేం పని?

నేను అనుభవించి చెబుతున్నాను. ఆసుపత్రిలో బట్టలు ఉతికే గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. దుప్పట్లు ఆరబెట్టే మెషీను ఒకటుండేది, మహా మొండిది. తలుపు మూసి, కింద ఎడమ మూల మోకాలితో ఒక్క పోటు పొడిచి, తొమ్మిది లెక్కపెట్టి అప్పుడు మీట నొక్కాలి. మంచికి పోయి కొత్తగా వచ్చినామెకు ఆ గుట్టు చెప్పాను. మూడు నెలలు తిరక్కుండా నన్ను ఆ గదిలోంచి పంపేశారు. అంతే.

ఇంకొక మాట. కాన్పుకు సెలవు అడిగారా? మొదటిసారి లాగా కాకూడదు. అంతకన్నా రాయను.

కంగారులో ఉన్న మీ అత్త


బస్సుల ఆఫీసు, మూడో అంతస్తు

అత్తయ్య గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీరేమీ దిగులు పడకండి, నేను రాయడం లేదు. సోమవారం సోమవారం మేనేజరు వచ్చి "ఎంతవరకు వచ్చింది?" అంటాడు. "నడుస్తోంది సార్" అంటాను. ఒక ఫైలు తెరిచి పైన పేరు పెట్టి ఉంచాను. కింద ఏమీ లేదు. ఏడు వారాలుగా ఆ పేరుకు అక్షరాలు పెద్దవి చేయడం, చిన్నవి చేయడం జరుగుతోంది.

అయినా అంతా నా తలలో ఉంది కదా, రాయడం దేనికి?

సెలవు సంగతి చూస్తున్నాను. తనని వేళకు మందులు వేసుకోమనండి.

మీ అల్లుడు


ఇంటి నుంచి
ఎనిమిదో నెల పడిన నాలుగో రోజు

అల్లుడు గారికి,

"చూస్తున్నాను" అంటే ఏమిటి? మీ మామగారు పెరటి కుళాయి కారుతోందంటే "చూస్తున్నాను" అనేవారు. పదకొండేళ్ళు చూశారు. అలా నీళ్ళు నమిలే మాట నాకు రాయకండి, అసలే గుండె దడ మనిషిని.

మీ ఉత్తరంలో ఆ ఒక్క ముక్కను పదిసార్లు చదివాను. సెలవు ఇచ్చి ఉంటే "ఇచ్చారు" అని రాసేవారు. అడగకపోయి ఉంటే "అడుగుతాను" అని రాసేవారు. "చూస్తున్నాను" అన్నారంటే అడిగారు, వాళ్ళు ఇవ్వలేదు. అవునా కాదా?

అమ్మాయి బాగానే ఉంది. కాళ్ళకు కొంచెం వాపు, అందరికీ ఉండేదే. డాక్టరమ్మ వారానికి ఒకసారి వచ్చి కనబడమంటే వెళ్ళి వస్తున్నాం, ఊరికే, జాగ్రత్త కోసం. నిన్న కిటికీ దగ్గర కూర్చుని "అమ్మా, ఆయన వస్తారంటావా?" అంది. "రాకేం చేస్తారే" అన్నాను. "పోయినసారి రాలేదుగా" అంది. తిట్టినట్టు అనలేదు. తిట్టినట్టు అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఉన్నది ఉన్నట్టు రాయండి.

మీ అత్త


బస్సుల ఆఫీసు, మూడో అంతస్తు, మధ్యాహ్నం

అత్తయ్య గారూ,

మీరు పోలీసు శాఖలో ఉండాల్సిన మనిషి. అవును, అడిగాను. ఇవ్వలేదు.

జరిగింది చెబుతాను. పోయిన ఏడాది నాకు ఒక్కరోజు జ్వరం వచ్చి ఆఫీసుకు వెళ్ళలేదు. నా పక్క బల్ల అతను నాకు బదులు చార్టు తీశాడు. మర్నాడు పొద్దున్న నలభై ఒక్క మంది డ్రైవర్లు ఒకే బస్సు దగ్గర నిలబడ్డారు, చేతిలో చార్టు కాగితాలతో. పదిహేడో నంబరు బస్సు. అందరికీ అదే వచ్చింది. మిగతా నలభై బస్సులు షెడ్డులోనే ఉండిపోయాయి. నేను కండువా చుట్టుకుని వెళ్ళి సరిచేసేసరికి పది దాటింది. నిజం చెప్పాలంటే ఆ రోజు లోలోపల కొంచెం గర్వపడ్డాను.

ఆ గర్వమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. మేనేజరు అంటాడు, "నువ్వు పది రోజులు వెళ్తే నా బస్సులు పది రోజులు షెడ్డులో పడుకుంటాయి. నీకు తెలిసిందంతా రాయి. కొత్తగా చేరిన అమ్మాయి ఉందిగా, ఆమె నీ కాగితాలు చూసుకుని, నిన్ను ఒక్క మాట అడక్కుండా, వరసగా మూడు రోజులు చార్టు తీయాలి. నాలుగో రోజు నువ్వు బస్సెక్కు. ఆపితే నన్నడుగు."

రాస్తే నాతో పని తీరిపోతుంది. రాయకపోతే మళ్ళీ మొదటిసారి లాగే అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాయొద్దని చెప్పింది మీరే. ఇప్పుడు ఏం చేయమంటారో కూడా మీరే చెప్పండి.

తనకు ఈ సంగతి చెప్పకండి.

మీ అల్లుడు


ఇంటి నుంచి, ఆసుపత్రి నుంచి వచ్చిన వెంటనే

అల్లుడు గారికి,

రాయండి. ఇవాళే మొదలుపెట్టండి.

మీకు ఒక అబద్ధం చెప్పాను, అది ముందు సరిచేసుకోవాలి. ఆసుపత్రి మెషీను గుట్టు నేను ఎవరికీ చెప్పలేదు. కొత్తగా వచ్చినామె "అక్కా, ఎలా నడుస్తుందక్కా?" అని కాళ్ళావేళ్ళా పడింది. "నీకెందుకే, నేను చచ్చిపోయానా?" అన్నాను. ఆ తరువాత నాకు ఎనిమిది రోజులు జ్వరం. మెషీను ఎవరి మాటా వినలేదు. మూడు వార్డుల్లో రోగులు దుప్పట్లు లేకుండా పడుకున్నారట. పెద్ద డాక్టరుకు కోపం వచ్చి కొత్త మెషీను తెప్పించాడు. దానికి మోకాలు అక్కర్లేదు. నేను వెళ్ళేసరికి నా మెషీను వరండాలో ఉంది, దాని మీద పిల్లి పడుకుని ఉంది. నన్ను బట్టలు మడతపెట్టే గదికి పంపారు. చెప్పినందుకు కాదు, చెప్పనందుకు పోయింది నా పని. ఇన్నేళ్ళూ తిరగేసి చెప్పుకుంటూ వచ్చాను, వినడానికి బాగుంటుందని.

మీ మామగారూ అంతే. పెరట్లో మూడు వాల్వులు. ఏది తిప్పితే పైన నీళ్ళు వస్తాయో ఆయనకే తెలుసు. "నేనున్నానుగా" అనేవారు. ఆయన పోయాక పందొమ్మిది రోజులు నేను బక్కెట్లతో మెట్లెక్కాను. ఏడ్చింది ఆయన కోసమో, వాల్వు కోసమో నాకే తెలియలేదు.

ఇక రెండోది. ఇది అమ్మాయి మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అమ్మాయికి రక్తపోటు ఎక్కువగా ఉంది. మంచం దిగొద్దన్నారు. ఎనిమిదో నెల చివరికే ఆపరేషను చేసి బిడ్డను తీయాల్సి రావచ్చునట. "ఆయనకు చెబితే అక్కడ పని, ఇక్కడ నేను, రెండింటి మధ్య నలిగిపోతారమ్మా" అంటుంది. మీరు తనకు చెప్పొద్దంటారు, తను మీకు చెప్పొద్దంటుంది. మధ్యలో నేనొకతెను, కడుపులో ఏదీ దాచుకోలేని దాన్ని. మీ ఇద్దరి రహస్యాలు మోయడానికి నాకు వయసు లేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

రాసింది రాసినట్టు ముందు నాకు పంపండి. నాకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది.

మీ అత్త


బస్సుల ఆఫీసు

అత్తయ్య గారూ,

మీ ఉత్తరం చదివాక కాసేపు మెట్ల మీద కూర్చుని వచ్చాను. తరువాత రాయడం మొదలుపెట్టాను. ఒక్క పూటలో పూర్తయింది. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు భయపడ్డానా అనిపించింది. పూర్తి ప్రతి ఇదిగో.

మొదట సిస్టం ఆన్ చేసి లోపలికి వెళ్ళాలి. తరువాత ఆ రోజు సెలవుల జాబితా ఎక్కించాలి. మామూలుగానే చార్టు నడపాలి. ఏదైనా తేడా వస్తే సరిచేయాలి. నాలుగో భాగంలో ఉన్న పన్నెండు లైన్లను ముట్టుకోవద్దు. ప్రింటు తీసి డిపోకు పంపాలి.

అంతే. అర పేజీ కూడా లేదు. ఎలా ఉంది?

మీ అల్లుడు


ఇంటి నుంచి, అమ్మాయి మంచం పక్కన

అల్లుడు గారికి,

చదివాను. నాకు చెమటలు పట్టాయి.

"లోపలికి వెళ్ళాలి" అన్నారు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? ఏదో రహస్యపు మాట కొట్టాలని మీరు ఇదివరకు చెప్పిన గుర్తు. ఆ పిల్ల ఆ మాట తప్పు కొడితే ఏమవుతుంది? మూడుసార్లు తప్పు కొడితే? సెలవుల జాబితా ఎవరిస్తారు? ఆయనే సెలవు పెడితే ఎవరిస్తారు? ఒకే పేరున్న డ్రైవర్లు ఇద్దరుంటే? ఒకడు పొద్దున్న సెలవన్నాడు, మధ్యాహ్నం వస్తానన్నాడు, అప్పుడో?

"మామూలుగానే నడపాలి." ఎవరి మామూలు బాబూ? మీకు ఏడేళ్ళ మామూలు. ఆ పిల్లకు ఇవాళ మొదటి రోజు, ఆమెకు మామూలు ఇంకా పుట్టనేలేదు.

"ఏదైనా తేడా వస్తే సరిచేయాలి." ఇది చదివి నేను లేచి నీళ్ళు తాగి వచ్చాను. తేడా వచ్చిందని ఆమెకు ఎలా తెలుస్తుంది? నలభై ఒక్క మంది ఒక బస్సు దగ్గర నిలబడ్డాకనా? కొత్త కోడలికి "వంట చెడిపోతే బాగుచెయ్యి" అని చీటీ రాసి అత్తగారు ఊరెళ్ళినట్టుంది. ఏమేం తేడాలు వస్తాయి, ఒక్కోటి వస్తే ఎలా కనబడుతుంది, కనబడితే ముందు ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలి, అది చేసినా కాకపోతే ఎవరిని కేకేయాలి, అవన్నీ ఏవి?

ఇక ఆ "ముట్టుకోవద్దు." ముట్టుకుంటే ఏమవుతుంది? షాకు కొడుతుందా? చేయి తగిలి పొరపాటున ముట్టుకుంటే? ఎందుకు ముట్టుకోకూడదో రాయకుండా ముట్టుకోవద్దంటే, మనిషన్నవాడు ముందు అదే ముట్టుకుంటాడు. నేనైతే ముట్టుకుంటాను, భయపడుతూ.

అమ్మాయికి కూడా చదివి వినిపించాను. చాలా రోజుల తరువాత నవ్వింది. "ఇంట్లోనూ ఇంతేనమ్మా. బీరువా తాళం ఎక్కడండీ అంటే, ఉండే చోటే ఉంది అంటారు" అంది. తనకు చెప్పొద్దన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఒట్లన్నీ ఒకే గట్టు మీద ఉన్నాయి లెండి.

మీ అత్త


బస్సుల ఆఫీసు

అత్తయ్య గారూ,

మొదట కోపం వచ్చింది, దాచను. నాలుగో తరగతి చదివిన మీరు నాకు చెప్పేదేమిటని ఒక్క నిమిషం అనుకున్నాను. తరువాత మీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాద్దామని కూర్చున్నాను. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నానికి రెండో ప్రశ్న దగ్గరే ఉన్నాను. సెలవుల జాబితా ఇచ్చే గుమస్తా సెలవు పెడితే ఎవరిస్తారో నాకే తెలియదు. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కసారీ సెలవు పెట్టలేదు. ఆయన్ని అడిగితే, "నాకూ అదే భయం సార్, అందుకే పెట్టను" అన్నాడు.

ఆ "ముట్టుకోవద్దు" సంగతి వినండి. ఏడేళ్ళ కిందట నేనే ఆ పన్నెండు లైన్ల పైన అలా రాసుకున్నాను. ఎందుకో రాసుకోలేదు. నాకు గుర్తు లేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని చివరికి డిపోకు వెళ్ళి పాత మేస్త్రీని పట్టుకున్నాను.

"అదా సార్!" అని ఒకటే నవ్వు. "ఒక డ్రైవరూ ఒక కండక్టరూ ఉండేవాళ్ళు, పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇద్దరూ ఒకే బస్సెక్కితే వాళ్ళ తిట్లు వినలేక జనం మధ్యలో దిగిపోయేవాళ్ళు. మీరేగా కంప్యూటర్లో విడగొట్టారు!"

"ఇప్పటికీ కొట్టుకుంటున్నారా?"

"ఎక్కడ సార్, వియ్యంకులైపోతేను! ఒకే బస్సు వేయించమని మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. మీ కంప్యూటరే ఒప్పుకోవడం లేదు, ఏం కక్షో."

ఆ పన్నెండు లైన్లు నిన్న తీసేశాను. ఇవాళ వియ్యంకులిద్దరూ మొదటిసారి ఒకే బస్సులో వెళ్ళారు. ఆఫీసుకు వచ్చి నాకు దండం పెట్టి వెళ్ళారు. సిగ్గుతో చచ్చాను.

ఇప్పుడు కాగితాలు పద్నాలుగు పేజీలైనాయి. ప్రతి పని కింద "భయపడేవారి ప్రశ్నలు" అని ఒక భాగం పెట్టాను. మీ ప్రశ్నలే అన్నీ. ఇంకా ఉంటే పంపండి.

మీ అల్లుడు


ఇంటి నుంచి

అల్లుడు గారికి,

ఇంకా ఉంటే అని నన్నా అడుగుతారు!

కరెంటు పోతే? సగం చార్టు అయ్యాక పోతే, ఆ సగం ఉంటుందా, మొదటి నుంచి చేయాలా? చేసిందే మళ్ళీ చేస్తే ఒక్కో డ్రైవరుకు రెండేసి బస్సులు వస్తాయా? ఆ పిల్లకు జలుబు చేసి కళ్ళు కారుతుంటే అక్షరాలు కనబడతాయా? పేజీల నంబర్లు పెద్దగా వేయండి. చార్టు సరిగ్గా వచ్చిందని పంపేముందు ఎలా తెలుసుకోవాలి? ఒకే బస్సు నంబరు రెండుసార్లు ఉందేమో చూసుకోమని రాయండి, నేనైతే వేలు పెట్టి చూసుకుంటాను.

అమ్మాయి మంచం మీద నుంచి ఒక ప్రశ్న ఇచ్చింది: "ఆ పిల్ల భయపడి ఏడిస్తే ఎవరు ఓదారుస్తారో అడుగమ్మా." అది కూడా రాయండి.

రక్తపోటు తగ్గలేదు. త్వరగా కానివ్వండి.

మీ అత్త


బస్సుల ఆఫీసు, మూడో అంతస్తు

అత్తయ్య గారూ,

ముప్పై ఒక్క పేజీలైంది. సోమవారం పరీక్ష మొదలైంది. నేను నోరు విప్పకూడదు, ఆ అమ్మాయి నన్ను అడగకూడదు. మేనేజరు నడుమ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అంతా సాఫీగా నడిచింది. చార్టు వచ్చింది. "ప్రింటు తీయండి" అన్నచోట ఆమె నొక్కింది. ఏమీ రాలేదు. పేజీలన్నీ తిరగేసింది. చివరికి నా వైపు తిరిగి, "సార్, కాగితాలు ఎక్కడుంటాయి?" అంది. ప్రింటరులో కాగితాలు అయిపోయాయి! అవి నా బల్ల సొరుగులో ఉంటాయి. ఏడేళ్ళుగా అక్కడే ఉంటాయి. "అడిగింది. మళ్ళీ మొదటి నుంచి" అని మేనేజరు లేచి వెళ్ళిపోయాడు.

ఒక రోజు పోయింది. కాగితాల చోటు పన్నెండో పేజీలో రాశాను. కరెంటు, జలుబు, ఏడుపు అన్నీ అడిగారు, కాగితాలు మాత్రం అడగలేదు మీరు! నిందించడం లేదు. ఎవరినో ఒకరిని అనాలి కదా, దగ్గర్లో ఎవరూ లేరు.

మంగళ, బుధ, గురు. మూడు రోజులు. శుక్రవారం పొద్దున్నే బస్సు. గురువారం నెలాఖరు, అదొక్కటే నా భయం. నెల చివరి రోజున ఎవరైనా డ్రైవరు సెలవు పెడితే ప్రోగ్రాము బిగుసుకుపోతుంది.

మీ అల్లుడు


ఆసుపత్రి నుంచి, రెండో అంతస్తు, మూలగది

అల్లుడు గారికి,

ఇవాళ చేర్చుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం తీస్తామన్నారు. పక్క మంచం ఆమె తమ్ముడు ఈ ఉత్తరం పట్టుకుని మీ వైపు వస్తున్నాడు, అందుకని గబగబా రాస్తున్నాను.

కాగితాలు అడగలేదని మీరన్నది నిజమే. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి అదే నన్ను తొలిచేస్తోంది.

రమ్మని రాయమంటావా అని అమ్మాయిని అడిగాను. "వద్దులే, వచ్చినప్పుడే వస్తారు" అంది. కానీ మెట్ల మీద చెప్పుల చప్పుడు అయినప్పుడల్లా మాట ఆపేస్తోంది.

మీ అత్త


బస్సుల ఆఫీసు, గురువారం, నాలుగున్నర

అత్తయ్య గారూ,

ఈ ఉత్తరం కన్నా నేనే ముందొస్తాను. అయినా చేతులు ఊరుకోక రాస్తున్నాను.

ఇవాళ ఇద్దరు డ్రైవర్లు సెలవు పెట్టారు. అనుకున్నట్టే ప్రోగ్రాము బిగుసుకుపోయింది. ఆ అమ్మాయి నా వైపు చూడబోయి, ఆగింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆమె పంతొమ్మిదో పేజీ తీసింది. "భయపడకండి. ఇది ప్రతి నెలా జరిగేదే. ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగండి" అని రాశాను అక్కడ. ఆమె నిజంగానే లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది. వచ్చి, తేదీ మార్చి, మళ్ళీ నడిపి, వేలు పెట్టి నంబర్లు చూసుకుంది. నాలుగూ పదికి చార్టు డిపోకు వెళ్ళింది.

మేనేజరు నా భుజం తట్టి, "ఇంకా ఇక్కడే ఉన్నావేం?" అన్నాడు.

వస్తున్నాను.

మీ అల్లుడు


ఇంటి నుంచి
పాపకు పన్నెండో రోజు

అల్లుడు గారికి,

మీ ఉత్తరం మీరు వచ్చిన రెండో రోజుకు వచ్చింది. ఇప్పుడు మీరు వెళ్ళిపోయాక తీరిగ్గా చదివాను. చేతులు తొడల కింద పెట్టుకున్నచోట రెండుసార్లు చదివాను.

ఆ రోజు సంగతి మీ ముందు అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను. శుక్రవారం మీరు బస్సు దిగి నేరుగా వచ్చి తలుపు దగ్గర నిలబడితే అమ్మాయి ఏమంది? "చార్టు ఎవరు తీస్తారు?" అంది. మొగుడిని పలకరించే తీరా అది! "ముప్పై ఒక్క పేజీలు తీస్తాయి" అన్నారు మీరు. అప్పుడు మీ చొక్కా అంచు పట్టుకుంది చూడండి, థియేటరు తలుపు దాకా వదల్లేదు. నర్సు విడిపించాల్సి వచ్చింది. పాప ఏడ్చిన ఏడుపు నా చెవులకు కూడా వినబడింది. పోయినసారి ఏ ఏడుపూ వినబడక ఆ వరండాలో నేనొక్కదాన్నే నిలబడ్డాను. ఈసారి నా పక్కన మీరున్నారు. ఇంక ఆ మాట ఎత్తను.

కానీ ఒకటి చూశాను. పాప పుట్టాక మూడు రోజులూ మీరు నాలుగు కొట్టేసరికి జేబులోంచి ఫోను తీసేవారు. అది మోగేది కాదు. నాలుగో రోజు ఆగలేక మీరే చేశారు. మీరు అరిచి మాట్లాడారు కాబట్టి నాకూ తెలిసింది.

"అంతా బాగానే ఉందా అమ్మా?"

ఆ పిల్ల ఏమందో మీ ముఖం చూసి అర్థమైంది. తరువాత మీరే చెప్పారు, "చార్టు మూడున్నరకే అయిపోయింది సార్, మీరెందుకు చేశారు?" అందని. సంతోషంగా చెప్పబోయారు గానీ, వరండాలో నా పాత మెషీను ఉన్నట్టే ఉన్నారు. పిల్లి ఒక్కటే తక్కువ.

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మీరు లేకపోయినా నడుస్తుందని వాళ్ళకు తెలిసిపోయింది. రాయమని పట్టుబట్టింది నేనే. ఉద్యోగం ఉందా బాబూ? నీళ్ళు నమలకుండా రాయండి.

మీ అత్త


బస్సుల ఆఫీసు, కింది అంతస్తు

అత్తయ్య గారూ,

ఉంది. అంతస్తు మారింది, అంతే. విడిభాగాల గోదాము చూసే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని తయారుచేసిన ఆయన ఏ కాగితమూ పెట్టకుండా వెళ్ళిపోయాడు. అది తెరిచాను. మొదటి లైనులోనే "దేవుడే దిక్కు" అని ఉంది. దానికి కాగితాలు రాయడం ఇప్పుడు నా పని. తరువాత ఇంకో రెండున్నాయట. "ఇలా రాయగలిగినవాడిని పంపించేస్తే నా అంత తెలివితక్కువవాడు ఉండడు" అన్నాడు మేనేజరు. ఆ ప్రశ్నలు ఎవరు అడిగారని కూడా ఆరా తీశాడు. మా అత్తగారన్నాను. "పూర్తి పేరు, చదువు?" అన్నాడు. చెప్పలేదు, భయపడతాడని.

నిజమే, ఆ ఫోను మోగనప్పుడు నాకు బాధేసింది. ఒక్క పూటే. తరువాత పాప నా వేలు పట్టుకుంది, ఆ సంగతి మర్చిపోయాను.

ఇప్పుడు నా కంగారు వినండి. వచ్చే నెల వాళ్ళిద్దరూ ఇక్కడికి వస్తున్నారు. మీరు మోకాళ్ళ నొప్పులతో రాలేనన్నారు. మరి పాపకు స్నానం ఎవరు చేయిస్తారు? తను ఇంకా వంగకూడదు. నేనే. మీరు చేయిస్తుంటే నాలుగు రోజులు చూశాను. చూస్తే తేలిగ్గానే ఉంది. అడిగితే "నీళ్ళు సరిపడా వేడిగా ఉండాలి, మెడ జాగ్రత్త, మామూలుగానే పోయాలి" అన్నారు.

ఎవరి మామూలు అత్తయ్య గారూ?

రాసి పంపండి.

మీ అల్లుడు


ఇంటి నుంచి, పాప ఉయ్యాల పక్కన

అల్లుడు గారికి,

నా కత్తితో నన్నే పొడిచారు.

మూడు రోజులుగా రాస్తున్నాను. ముగ్గురిని పెంచాను గానీ "సరిపడా" అంటే ఎంతో నాకు తెలియదని ఇప్పుడు తెలిసింది. నా మోచేతికి తెలుసు, నాకు తెలియదు. నిన్న పాపకు నీళ్ళు పోస్తూ నా చేతులు ఏం చేస్తున్నాయో నేనే వంగి వంగి చూస్తుంటే అమ్మాయి పగలబడి నవ్వింది.

పద్దెనిమిది పేజీలు అయింది, దీంతో పంపుతున్నాను. మోచేయి ఎలా ముంచాలో మొదటి పేజీలో ఉంది. సబ్బు కంట్లో పడితే నాలుగో పేజీ. చెవిలో నీళ్ళు పోతే ఆరు. చేయి జారితే అని ఒక పేజీ రాసి, వెంటనే చింపేశాను. జారకుండా ఎలా పట్టుకోవాలో బొమ్మ వేశాను, పాప గుమ్మడికాయలా వచ్చింది, ఏమనుకోకండి. ఊపిరి బిగబట్టి ఏడిస్తే పది. ఎంతకీ ఏడుపు ఆపకపోతే పదకొండు నుంచి పదిహేడు. పేజీల నంబర్లు పెద్దగా వేశాను.

అంతా రాసి అమ్మాయికి ఇచ్చాను. చదివి, "అమ్మా, నీళ్ళు పోశాక పాప ఏడవకుండా, నవ్వుతూ పడుకుంటే ఏం చేయాలో ఇందులో లేదే" అంది.

నిజమే, లేదు. అన్నీ బాగా జరిగినప్పుడు మనిషి ఏం చేయాలో ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ కనుక్కోలేదు. పద్దెనిమిదో పేజీ తెల్లగా వదిలాను. అది మీరు రాసి నాకు పంపండి.

మీ అత్త